వ్యాపార ల్యాప్‌టాప్: కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతంలో యంత్రం, ఓఎస్ ఎంపిక

వ్యాపార ల్యాప్‌టాప్ అంటే లెక్కలు, బిల్లులు, పన్ను రిటర్నులు, డిజైన్లు, ఉత్తరప్రత్యుత్తరాల కోసం ఏళ్ల తరబడి రోజంతా నడిపించేందుకు కొనే కంప్యూటర్. ఇళ్లలో వాడుకోవడానికి అమ్మే ల్యాప్‌టాప్‌కూ దీనికీ ఉన్న తేడా వేగంలో పెద్దగా కనిపించదు. మన్నికలో, విడిభాగాలు దొరకడంలో, సర్వీసు ఒప్పందంలో, భద్రత ఏర్పాట్లలో కనిపిస్తుంది. లెనోవో థింక్‌ప్యాడ్, హెచ్‌పీ ఎలైట్‌బుక్, ప్రోబుక్, ఎసుస్ ఎక్స్‌పర్ట్‌బుక్, 2025 నుంచి డెల్ ప్రో పేరుతో వస్తున్న పాత లాటిట్యూడ్ వరస ఈ కోవలోవి.

కొనేవాళ్లు సాధారణంగా ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టి, ధర చూసి, అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వస్తే దానితో సరిపెట్టుకుంటారు. దక్షిణ తమిళనాడులోని వర్తక పట్టణాల్లో ఈ వరసను తిరగేయాలి. ఏ సాఫ్ట్‌వేర్ నడవాలి, ఏ ప్రింటర్, ఏ డిజిటల్ సంతకం టోకెన్, ఏ తూకం యంత్రం తగిలించాలి అన్నది ముందు తేల్చుకోవాలి. దాన్నిబట్టి ఓఎస్ తేలుతుంది. యంత్రం మాట ఆఖరున వస్తుంది. ఈ వ్యాసం కూడా ఆ వరసలోనే సాగుతుంది.

ప్రాంతం, వర్తకం

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా దిగి, బెంగళూరు, సేలం, మదురై దాటి కన్యాకుమారికి పోయే 44వ జాతీయ రహదారి మీదే విరుదునగర్, సాత్తూరు, కోవిల్‌పట్టి వరసగా తగులుతాయి. విరుదునగర్ పేరు పొందిన నాడార్ వర్తకుల పట్టణం, కామరాజ్ పుట్టిన ఊరు. పప్పులు, మిరపకాయలు, ధనియాలు, నూనెల టోకు వ్యాపారానికి ప్రసిద్ధి. అక్కడి మార్కెట్ ధరల పట్టికను తమిళ పత్రికలు ప్రత్యేకంగా అచ్చువేస్తాయి. తూత్తుకుడి జిల్లాలోని కోవిల్‌పట్టి అగ్గిపెట్టెలకు, నూలు మిల్లులకు, వేరుశనగ చిక్కీకి కేంద్రం. కోవిల్‌పట్టి కడలై మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. విరుదునగర్ జిల్లాలోదే శివకాశి. పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్లి అగ్గిపుల్లల తయారీ నేర్చుకుని వచ్చాక అక్కడ అగ్గిపెట్టెలు, ఆ తరువాత బాణసంచా, వాటి లేబుళ్ల కోసం అచ్చు పరిశ్రమ ఒకదాని వెంట ఒకటి పెరిగాయి.

ఈ నల్లరేగడి నేల తెలుగువాళ్లకు కొత్తది కాదు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో కమ్మ, రెడ్డి, కంబళ నాయకర్ కుటుంబాలు తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నాయి. ఇడైసేవల్‌లో అలాంటి తెలుగు కుటుంబంలో పుట్టిన కి. రాజనారాయణన్ తన వాళ్ల వలస కథను తమిళంలో నవలలుగా రాసి, 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. పడమట రాజపాళయంలోని రాజులదీ తెలుగే. ఆ ఊరి రామ్‌కో సంస్థల నుంచి వచ్చిన రామ్‌కో సిస్టమ్స్ చెన్నై నుంచి వ్యాపార సంస్థలకు సాఫ్ట్‌వేర్ తయారుచేస్తోంది. కంప్యూటర్ వ్యాపారంలో ఈ ప్రాంతపు వాటా అక్కడితో ఆగలేదు. 1976లో హెచ్‌సీఎల్ స్థాపించి దేశంలో తొలితరం కంప్యూటర్లు తయారుచేసిన శివ్ నాడార్ తూత్తుకుడి జిల్లావారే. తెన్‌కాశి పక్కన మత్తళంపారై పల్లెలో జోహో సంస్థకు ఆఫీసు ఉంది.

ఆఫీసులో ముందే ఉన్నవి

వ్యాపారి బల్ల మీద ల్యాప్‌టాప్ ఒంటరిగా ఉండదు. దాని చుట్టూ ఉన్న పాత సామానే ఓఎస్‌ను సగం నిర్ణయిస్తుంది.

మొదటిది టాలీ. 1986లో బెంగళూరులో గోయెంకాలు మొదలుపెట్టిన ఈ లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ కోసమే తయారవుతుంది. లినక్స్‌లో వైన్ అనే మధ్యవర్తి పొర మీద దాన్ని నడిపేవాళ్లు ఉన్నారు. కానీ కొత్త విడుదల వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విరిగే ప్రమాదం ఉంటుంది, అప్పుడు జవాబుదారీ ఎవరూ ఉండరు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చాక, కాగితం చిట్టాతో నడిచిన చిన్న టోకు దుకాణం కూడా కంప్యూటర్ లెక్కల్లోకి రాక తప్పలేదు. 2018 ఏప్రిల్‌లో అంతర్రాష్ట్ర సరుకుకు ఈ-వే బిల్లు తప్పనిసరైంది. ఈ-ఇన్‌వాయిస్ 2020 అక్టోబరులో 500 కోట్ల టర్నోవరు ఉన్న సంస్థలతో మొదలై, మెట్టుమెట్టుగా దిగి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వాళ్లందరికీ వర్తించింది. అగ్గిపెట్టెల టోకు సంస్థల్లాంటివి ఈ ఆఖరి మెట్టులో పడ్డాయి. ఇప్పుడు కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లారీ నిండినా, ఆఫీసులో కంప్యూటర్ ఆగిపోతే ఆ లారీ కదలదు. వ్యాపార ల్యాప్‌టాప్ విలువను ఈ సంగతితో కొలవాలి. టాలీ అర సెకను ముందు తెరుచుకోవడం వల్ల ఒరిగేది లేదు. పొద్దున పదింటికి పాడైన యంత్రం మధ్యాహ్నానికల్లా మళ్లీ నడవడం వల్ల ఒరుగుతుంది.

కంపెనీలకు మరో నిబంధన తోడైంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పూ తేదీతో సహా నమోదు కావాలి, ఆ నమోదును ఆపే వీలు ఉండకూడదు. పాత నకలు టాలీతో కాలం గడుపుతున్న సంస్థలకు ఇది ఓఎస్, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేసారి మార్చుకోవాల్సిన సందర్భం.

రెండోది డిజిటల్ సంతకం టోకెన్. కంపెనీలు, ఎల్‌ఎల్‌పీలు జీఎస్టీ రిటర్నుకు డిజిటల్ సంతకం వాడతాయి. సొంత యాజమాన్యం ఉన్నవాళ్లకు ఫోనుకు వచ్చే ఓటీపీ చాలు. చూడ్డానికి పెన్‌డ్రైవ్‌లా ఉండే ఈ టోకెన్‌కు సొంత డ్రైవర్, బ్రౌజర్‌తో మాట్లాడే సంతకం సాఫ్ట్‌వేర్ కావాలి. లినక్స్, మ్యాక్‌ల కోసం కూడా వీటిని ఇస్తున్నారు. అయితే ఆడిటర్ ఆఫీసులో కుర్రవాడు చేయి తిరిగి పెట్టగలిగేది విండోస్‌లోనే. ఇంకొక చిన్న సంగతి: చాలా టోకెన్లు పాత వెడల్పాటి యూఎస్‌బీ మూతితోనే వస్తాయి. రెండు టైప్-సీ మూతులు మాత్రమే ఉన్న సన్నటి ల్యాప్‌టాప్ కొంటే అడాప్టర్ వెతుక్కోవాలి, రిటర్ను గడువు రోజునే అది కనిపించకుండా పోతుంది.

మూడోది ప్రింటర్. కార్బన్ ప్రతులు కావాల్సిన చోట డాట్ మ్యాట్రిక్స్ ఇంకా బతికే ఉంది. లారీ డ్రైవరుకు ఒకటి, ట్రాన్స్‌పోర్టుకు ఒకటి, ఆఫీసుకు ఒకటి ఒకే దెబ్బకు పడాలంటే టీవీఎస్ ఎంఎస్‌పీ, ఎప్సన్ ఎల్‌ఎక్స్ లాంటివే దిక్కు. ఇవి అక్షరాలను నేరుగా అందుకునే పాత పద్ధతి యంత్రాలు కాబట్టి లినక్స్‌తోనూ పెద్దగా పేచీ పెట్టవు. పేచీ పెట్టేది లేజర్ ప్రింటర్లే. దేశమంతా చిన్న ఆఫీసుల్లో కనిపించే కేనన్ ఎల్‌బీపీ 2900 తన సొంత పద్ధతిలో మాట్లాడుతుంది. విండోస్‌లో చక్కగా పనిచేసే ఆ ప్రింటర్ లినక్స్‌లో, కొత్త మ్యాక్‌లలో గంటలు తినేస్తుంది. హెచ్‌పీ లేజర్లలో చాలావాటికి లినక్స్ మద్దతు మెరుగు.

నాలుగోది తూకం యంత్రం. పప్పు మిల్లులోనూ, పత్తి జిన్నింగులోనూ వేబ్రిడ్జి నుంచి బరువు ఆర్‌ఎస్-232 అనే పాత సీరియల్ తీగ మీద వస్తుంది. ఆ మూతి ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో లేదు, యూఎస్‌బీ మార్పిడి తీగ కొనాలి. ఇక్కడ చిక్కు విండోస్‌తోనే వస్తుంది. చవక తీగల్లో ఉండే పాత, నకిలీ ప్రొలిఫిక్ చిప్‌లను ఆ సంస్థ కొత్త డ్రైవర్లు కావాలనే తిరస్కరిస్తాయి. విండోస్ 10 దాకా ఎలాగో నడిచిన తీగ విండోస్ 11లో పసుపు త్రికోణం చూపించి ఆగిపోవచ్చు. అదే తీగ లినక్స్‌లో గుచ్చగానే పనిచేస్తుంది, ఎందుకంటే దాని డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉంది. కొంచెం ఎక్కువ పెట్టి ఎఫ్‌టీడీఐ చిప్ ఉన్న తీగ కొంటే రెండు చోట్లా ఇబ్బంది ఉండదు.

అందుకే డబ్బు కట్టేముందు టోకెన్, ప్రింటర్, మార్పిడి తీగ మూడింటినీ కొత్త యంత్రానికి తగిలించి చూడటం అన్నిటికంటే విలువైన పరీక్ష. లినక్స్ అయితే ఇంకా సులువు: పెన్‌డ్రైవ్ నుంచే దాన్ని నడిపి, డిస్కులో ఏమీ మార్చకుండా ఇవన్నీ పనిచేస్తున్నాయో లేదో చూడవచ్చు.

అచ్చు, అక్షరం

శివకాశిలో ల్యాప్‌టాప్ లెక్కలకే కాదు, బొమ్మకూ అక్షరానికీ కూడా కావాలి. గోడ క్యాలెండర్లు, డైరీలు, నోటు పుస్తకాల అట్టలు, బాణసంచా డబ్బాల లేబుళ్లు ఇక్కడ అనేక భారతీయ భాషల్లో అచ్చవుతాయి. తెలుగు నాట దుకాణాలు సంవత్సరాదికి పంచిపెట్టే క్యాలెండర్లలో ఎన్నో ఇక్కడి యంత్రాల మీదివే. కొత్త ఏడాది క్యాలెండర్ నమూనాల ఆల్బమ్‌లను ఆడి పదునెట్టు నాడు, అంటే ఆగస్టు మొదట్లో, విడుదల చేయడం ఇక్కడి ఆనవాయితీ. అక్కడి నుంచి డిసెంబరు దాకా ఊపిరాడని పని. డిజైన్ గదిలో యంత్రం గానీ ఓఎస్ గానీ మార్చాలంటే వేసవిలోనే మార్చాలి. సీజను మధ్యలో కొత్త ఓఎస్‌కు మారడం ఏ లెక్కన చూసినా తప్పు.

ఈ గదుల్లో ఓఎస్‌ను శాసించేది పాత ఫైళ్లు. అడోబీ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. కానీ దానిలో కట్టిన పేజీలు ఇంకా బీరువాల నిండా ఉన్నాయి. కోరెల్‌డ్రా మ్యాక్‌కు 2019లో తిరిగి వచ్చింది, లినక్స్‌కు 2000 ప్రాంతంలో ఒకసారి వచ్చి వెళ్లిపోయింది. వీటికి తోడు యూనికోడ్‌కు ముందు తరం ఫాంట్లు. తమిళంలో బామిని లాంటి ఫాంట్లతో, తెలుగులో అను ఫాంట్లతో కట్టిన పాఠం మరో చోట తెరిస్తే అర్థం లేని గుర్తులుగా మారిపోతుంది. అను స్క్రిప్ట్ కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్‌దే. విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో తెలుగు పాఠం అను ఫాంట్లలో వస్తున్నంతకాలం శివకాశి డిజైన్ గదిలో కనీసం ఒక విండోస్ యంత్రం ఉండి తీరాలి.

కొత్తగా కట్టే పేజీలను మాత్రం యూనికోడ్‌లోనే కట్టాలని గట్టిగా చెప్పాలి. ఇన్‌డిజైన్ ఇప్పుడు తెలుగు, తమిళ సంయుక్తాక్షరాలను సరిగా పేర్చగలదు. 2024లో వచ్చిన స్క్రైబస్ 1.6 ఉచితం, అన్ని ఓఎస్‌లలో నడుస్తుంది, భారతీయ లిపులను అర్థం చేసుకుంటుంది. తమిళానికి తమిళ్99 కీబోర్డు, తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ విండోస్‌లోనూ లినక్స్‌లోనూ ముందే ఉన్నాయి. ఫైలు యూనికోడ్‌లో ఉంటే ఓఎస్ మార్చుకునే స్వేచ్ఛ వ్యాపారి చేతిలో ఉంటుంది. లేకపోతే ఆ స్వేచ్ఛ ఎప్పుడో ఆగిపోయిన సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది.

లిపి కోసం ఈ నేల మీద పడిన శ్రమకు పాత సాక్ష్యం ఒకటి ఉంది. కోవిల్‌పట్టికి దగ్గరలోని ఎట్టయపురం సంస్థానం ముద్రణాలయం 1904లో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని అచ్చువేసింది. గమకాలకు ప్రత్యేక గుర్తులతో, తెలుగు లిపిలో ఉన్న గ్రంథం అది. సీసం అచ్చుల కాలంలో కొత్త గుర్తులతో గ్రంథం తేవడం ఎంతటి పనో అక్షరాలు పేర్చినవాళ్లకే తెలుసు. ఆ పుస్తకాన్ని ఈనాటికీ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. ఇరవై ఏళ్ల కిందటి పేజ్‌మేకర్ ఫైలును తెరవడమే కష్టం.

డిజైన్‌కు వాడే ల్యాప్‌టాప్‌లో తెరకు డబ్బు పెట్టాలి. చవక మోడళ్ల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే ఆ తెర ఎరుపును, ఆకుపచ్చను పాలిపోయినట్టు చూపిస్తుంది. దాన్ని నమ్మి రంగు దిద్దితే ఆఫ్‌సెట్ మీద మరో రంగు వస్తుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ కనీసపు గీత. మ్యాక్‌బుక్ తెర ఈ విషయంలో నిస్సందేహంగా బాగుంటుంది. కానీ టాలీ, అను, పాత ప్రింటర్ మూడింటినీ దాని దగ్గర వదులుకోవాలి కాబట్టి, బొమ్మల పని మాత్రమే చేసే మనిషికే అది తగుతుంది.

ఓఎస్‌ల బేరీజు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటి వినియోగదారులకు అదనపు భద్రత సవరణలు 2026 అక్టోబరు దాకా, సంస్థలకు ఏటేటా రెట్టింపయ్యే రుసుముతో 2028 దాకా అందుతాయి. ఇప్పుడు కొనే కొత్త యంత్రంలో విండోస్ 11 వస్తుంది. దానికి టీపీఎం 2.0 అనే భద్రత చిప్, సెక్యూర్ బూట్, ఇంటెల్ అయితే సుమారుగా 8వ తరం, ఏఎండీ ల్యాప్‌టాప్ అయితే సుమారుగా రైజెన్ 3000 వరస లేదా ఆపైన ఉండాలి.

హోమ్, ప్రో రకాల మధ్య తేడా ధరలో చిన్నది, పనిలో పెద్దది. డిస్కును గుప్తీకరించే బిట్‌లాకర్‌ను మన చేతిలో ఉంచుకోవడం, ఆఫీసు యంత్రంలోకి దూరం నుంచి ప్రవేశించడం, పలు యంత్రాలను ఒకే నియమావళి కింద పెట్టడం ప్రోలోనే ఉన్నాయి. మదురై నుంచి కోవిల్‌పట్టి ఆఫీసు టాలీని తెరిచి చూసుకోవాలనుకునే యజమానికి ప్రో అవసరం. ఒక్క యంత్రంతో నడిచే దుకాణానికి హోమ్ చాలు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని ప్రమాదం ఒకటి ఉంది. విండోస్ 11 మొదటిసారి తెరిచినప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా అడుగుతుంది. కొత్త యంత్రాల్లో డిస్కు మొత్తం దానంతటదే గుప్తీకరణ అవుతుంది, దాన్ని విప్పే 48 అంకెల తాళపు సంఖ్య ఆ ఖాతాలోకి వెళ్తుంది. దుకాణంలో కుర్రవాడు తన ఈమెయిల్‌తోనో, అప్పటికప్పుడు సృష్టించిన ఖాతాతోనో యంత్రాన్ని సిద్ధం చేసి ఇస్తే ఆ సంఖ్య యజమానికి తెలియదు. ఏడాది తరువాత మదర్‌బోర్డు మార్చాల్సి వస్తే డిస్కు ఆ సంఖ్యను అడుగుతుంది. అప్పుడు లెక్కలన్నీ లోపలే ఉండిపోతాయి. యజమాని తన సొంత ఖాతాతో యంత్రాన్ని తెరిచి, ఆ సంఖ్యను కాగితం మీద అచ్చుతీసి ఇనప్పెట్టెలో పెట్టుకోవాలి.

తమిళనాడుకు లినక్స్ కొత్తది కాదు. ప్రభుత్వ సంస్థ ఎల్‌కాట్ 2000 దశకంలోనే తన ఆఫీసుల్లో సూసె లినక్స్ ప్రవేశపెట్టింది. సీ-డాక్ చెన్నై కేంద్రం బాస్ అనే భారతీయ లినక్స్‌ను తయారుచేసింది. 2011లో మొదలైన ఉచిత ల్యాప్‌టాప్ పథకంలో పిల్లలకు ఇచ్చిన యంత్రాల్లో విండోస్‌తో పాటు బాస్ కూడా ఉండేది. లెక్కలు బ్రౌజర్‌లో నడిచే సంస్థకు, ఉదాహరణకు జోహో బుక్స్ వాడేవాళ్లకు, ఉబుంటు లేదా డెబియన్ సంపూర్ణంగా సరిపోతుంది. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలలకు ఐదేళ్ల సవరణలు ఉచితంగా అందుతాయి. శివకాశిలో డిజైన్ గదికీ, ప్లేటు తీసే చోటికీ, ప్రెస్సుకూ మధ్య పెన్‌డ్రైవ్‌లు రోజంతా తిరుగుతూ ఉంటాయి. వాటితో వచ్చే వైరస్‌లు విండోస్ కోసం రాసినవి కాబట్టి, ఫైళ్లు అందుకునే యంత్రం ఒకటి లినక్స్‌లో ఉంటే ఆఫీసుకు మేలు. లినక్స్‌కు అడ్డు సాంకేతికత కంటే మనిషి. అది తెలిసినవాళ్లు ఊళ్లో లేకపోతే, ఉచితంగా వచ్చిన ఓఎస్ ఒక్క రోజు ఆగిన లారీతో ఖరీదైపోతుంది. కోవిల్‌పట్టి నేషనల్ ఇంజినీరింగ్ కాలేజీలాంటి చోట చదివిన కుర్రవాళ్లు సంస్థలో ఉంటే ఈ లెక్క మారుతుంది.

క్రోమ్‌ఓఎస్ బ్రౌజర్ పనికే పరిమితం, టోకెన్‌తో పొసగదు. దాన్ని ఈ పట్టణాల వర్తకానికి పక్కన పెట్టవచ్చు.

2024 జూన్ నుంచి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ అనే ఏఆర్‌ఎం తరహా ప్రాసెసర్‌తో వస్తున్న విండోస్ ల్యాప్‌టాప్‌ల మాట వేరే చెప్పాలి. బ్యాటరీ రోజంతా వస్తుంది, వేడి తక్కువ. ఇంటెల్, ఏఎండీల కోసం రాసిన సాధారణ ప్రోగ్రాములను అనువదించుకుని నడుపుతుంది. కానీ డ్రైవర్లను అలా అనువదించలేదు. టోకెన్‌కో, పాత ప్రింటర్‌కో, తూకం తీగకో ఏఆర్‌ఎం డ్రైవర్ లేకపోతే అక్కడితో కథ సరి. ప్రస్తుతానికి ఇది అమ్మకాల కోసం ఊళ్లు తిరిగే మనిషికి మంచిది, బిల్లుల బల్లకు కాదు.

యంత్రం

మెమొరీ 16 జీబీ ఉండాలి. విండోస్, టాలీ, జీఎస్టీ పోర్టల్, బ్యాంకు, వాట్సాప్ అన్నీ ఒకేసారి తెరిచి ఉంచే ఆఫీసుకు 8 జీబీ మొదటి రోజే ఇరుకు. డిజైన్ గదికి 32 జీబీ. సన్నటి మోడళ్లలో మెమొరీని బోర్డుకే అతికిస్తారు, తరువాత పెంచే వీలుండదు. 2025 చివర్లో మెమొరీ ధరలు ఎగబాకినప్పుడు, ఖాళీ స్లాటు ఉన్న యంత్రం కొన్నవాళ్లకు ధర తగ్గాక పెంచుకునే అవకాశం మిగిలింది. స్లాటు ఉందో లేదో బ్రోచరులో చూడకుండా, తయారీదారు ప్రచురించే మరమ్మతు పుస్తకంలో చూడాలి. లెనోవో, డెల్, హెచ్‌పీలు వ్యాపార మోడళ్లకు ఆ పుస్తకాలను అందరికీ అందుబాటులో ఉంచుతాయి.

నిల్వకు 512 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ చాలు. మిగతా డబ్బు రెండో ప్రతి దాచే బయటి డిస్కుకు పెట్టడం తెలివి.

ప్రాసెసర్ దగ్గర ఎక్కువ డబ్బు వృథా అవుతుంది. బిల్లులకు, లెక్కలకు ఇటీవలి కోర్ 5 లేదా రైజెన్ 5 తరగతి సరిపోతుంది. సన్నటి పెట్టెలో కూర్చోబెట్టిన 7 తరగతి చిప్ వేడెక్కి నెమ్మదిస్తుంది, కట్టిన అదనపు డబ్బుకు ఫలితం చూపదు. పేర్లు కూడా మోసం చేస్తాయి. ఏఎండీ 7000 వరసలో రైజెన్ 5 7520యూ లోపల 2019 నాటి జెన్ 2 నిర్మాణం ఉంటే, 7540యూలో 2022 నాటి జెన్ 4 ఉంది. నాలుగు అంకెల్లో మూడోది ఆ సంగతి చెబుతుంది. ఏఐ కోసమని ప్రచారం చేసే ఎన్‌పీయూ ఇప్పటి వరకు ఈ బజార్ల బిల్లుల పనిలో ఏ తేడా చూపలేదు.

పద్దులు రాసే గుమాస్తాకు కుడిచేతి పక్కన అంకెల మీటలు కావాలి. 14 అంగుళాల వ్యాపార మోడళ్లలో అవి ఉండవు, 15.6 లేదా 16 అంగుళాల వాటిలోనే దాదాపుగా ఉంటాయి. ఎక్కువ తిరిగే యజమానికి 14 అంగుళాలది, బల్ల దగ్గర కూర్చునే గుమాస్తాకు పెద్దది. లేదంటే చిన్నదానికి వేరే కీబోర్డు తగిలించాలి. 16:10 నిష్పత్తి తెరలో పద్దు వరసలు ఒకేసారి ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి పాత 16:9 కంటే అది మేలు. వైర్ నెట్‌వర్క్ మీద నడిచే టాలీకి ఆర్‌జే45 నెట్‌వర్క్ మూతి ఉండటం మంచిది. పలువురు ఒకే డేటా మీద పనిచేసేటప్పుడు వైఫై తెగితే పద్దు సగంలో ఆగుతుంది.

ఎండ ఇక్కడ చిన్న విషయం కాదు. ల్యాప్‌టాప్‌లను సాధారణంగా 35 డిగ్రీల గది వేడి వరకే వాడమని తయారీదారులు చెబుతారు. కర్తరి రోజుల్లో విరుదునగర్ గోదాము ఆఫీసులో ఏసీ లేకపోతే మధ్యాహ్నం ఆ గీత దాటిపోతుంది. ఫ్యాను లేని మోడళ్లు అప్పుడు నెమ్మదిస్తాయి. ఫ్యాను ఉన్నవి నల్లరేగడి దుమ్మును, మిల్లు పొట్టును పీల్చి మూసుకుపోతాయి. అడుగు మూత మామూలు స్క్రూలతో తెరుచుకుని, ఫ్యానును ఏడాదికోసారి శుభ్రం చేయగలిగే యంత్రమే ఇక్కడికి తగింది. బ్యాటరీ కూడా వేడికే తొందరగా ముసలిదవుతుంది. రోజంతా ప్లగ్గుకే ఉండే యంత్రంలో చార్జింగును 80 శాతం దగ్గర ఆపే సదుపాయాన్ని వాడితే ఎక్కువ కాలం వస్తుంది.

కరెంటు విషయంలో మాత్రం ల్యాప్‌టాప్‌దే పైచేయి. అడాప్టరు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది, కరెంటు పోతే బిల్లు మధ్యలో ఆగదు. డెస్క్‌టాప్‌కు వేరే యూపీఎస్ కొనాలి. ఎర్తింగ్ సరిగా లేని పాత కట్టడాల్లో లోహపు పెట్టె ఉన్న ల్యాప్‌టాప్ చేతికి జివ్వుమంటుంది. అప్పుడు అడాప్టరును మార్చి లాభం లేదు, ఎర్తింగ్ సరిచేయించాలి.

సర్వీసు, బిల్లు, పన్ను

ఈ పట్టణాలకు పంపే ఇంజినీరు మదురై నుంచో తిరునెల్వేలి నుంచో రావచ్చు. కాబట్టి మర్నాటికే ఆఫీసుకు వచ్చి బాగుచేసే ఒప్పందం 628501, 626001 పిన్‌కోడ్లకు వర్తిస్తుందో లేదో కొనేముందే రాతపూర్వకంగా అడగాలి. యంత్రాన్ని సర్వీసు కేంద్రానికి మోసుకెళ్లాల్సిన వారంటీ అయితే మంచి ల్యాప్‌టాప్ కూడా వ్యాపారికి బరువే. మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి పెట్టే డబ్బు పెద్ద ప్రాసెసర్‌కు పెట్టే డబ్బు కంటే ఎన్నో రెట్లు సార్థకం.

 

ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం. బిల్లు మీద సంస్థ జీఎస్టీ నంబరు ఉంటే ఆ పన్ను తిరిగి జమ అవుతుంది, కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లకు అవదు. 60,000 రూపాయల యంత్రానికి 10,800 పన్ను అంటే వదులుకోదగిన మొత్తం కాదు. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్లకు ఏడాదికి 40 శాతం తరుగుదల ఉంది. అదే 60,000 మొదటి ఏడాది 24,000, రెండో ఏడాది 14,400, మూడో ఏడాది 8,640 తగ్గి, పుస్తకాల్లో 12,960కి చేరుతుంది. ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే ఆ ఏడాదికి సగమే. అందుకే మార్చిలో హడావిడిగా కొనడం కంటే సెప్టెంబరులోపు కొనడం లాభం.

విండోస్ లేకుండా ఫ్రీడాస్‌తో చవకగా అమ్మే యంత్రాలు లినక్స్ పెట్టుకునేవాళ్లకు మంచి బేరం. వాటిలో నకిలీ విండోస్ పెట్టించుకోవడం మాత్రం ప్రమాదం. జీఎస్టీ, బ్యాంకు సంకేతపదాలన్నీ కొట్టే యంత్రంలో, తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్ వెంట ఏమి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

పాత యంత్రాలు

పెద్ద కంపెనీలు మూడు నాలుగేళ్లు వాడి వదిలేసిన థింక్‌ప్యాడ్‌లు, లాటిట్యూడ్‌లు చెన్నై రిచ్చీ స్ట్రీట్ లాంటి బజార్ల ద్వారా చిన్న ఊళ్లకు చేరతాయి. వీటి కట్టు గట్టిది, విడిభాగాలు దొరుకుతాయి. చూడాల్సింది తరం. 8వ తరం ఇంటెల్ లేదా ఆపైది అయితే విండోస్ 11 అధికారికంగా నడుస్తుంది. 6, 7 తరాలవి ఎంత చవకైనా బిల్లుల బల్లకు కొనకూడదు. వాటిని లినక్స్‌తో, ఫైళ్లు అందుకోవడానికో, గోదాములో నిల్వల పట్టిక చూసుకోవడానికో వాడుకోవచ్చు.

కొత్తది కొన్న సంస్థ తన పాత యంత్రాన్ని వెంటనే అమ్మేయకుండా, టాలీ, ప్రింటర్ డ్రైవర్లతో సహా ఒక సీజను పాటు సిద్ధంగా ఉంచుకుంటే అదే నిజమైన బీమా. ఆ తరువాత ఇచ్చేసేటప్పుడు ఫైళ్లు డిలీట్ చేస్తే సరిపోదు. డిస్కు గుప్తీకరణలో ఉంటే తాళాన్ని చెరిపేసే రీసెట్ చేయాలి, లేకపోతే తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ వాడాలి. పనికిరాని యంత్రాన్ని 2022 ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కే అప్పగించాలి.